పియెరిస్ ఎత్తిన చెయ్యి

ఆ ఆదివారం పియెరిస్ చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది. ఈ మాట అతని మంచి కోరేవాళ్ళూ అన్నారు, చెడు కోరేవాళ్ళూ అన్నారు. ఆ రెండు వర్గాలూ ఒక మాట మీదకి రావడం లిమసోల్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మే నెల, లీగ్ చివరి రోజు. ఎండకి మైదానంలో గడ్డి పీచులా తయారైంది. పియెరిస్ ఆడే పెత్రోవూని జట్టుకి ఆ ఆట వల్ల వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అవతలి జట్టు కాలోవ్రిసి పరిస్థితీ అదే. అయినా మెట్ల మీద కాలు పెట్టే సందు లేకుండా జనం వచ్చారంటే అది ఒక్కడి కోసం. కాలోవ్రిసి ఫార్వర్డ్ జెనోన్. వారమంతా కరెంటు ఆఫీసు కిటికీ వెనక కూర్చుని బిల్లులు తీసుకునే కుర్రాడు, ఆదివారం వస్తే ఎవరికీ దొరికేవాడు కాదు. ఐరోపా లీగులన్నిటిలోనూ ఆ ఏడాది ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్ళకి పారిస్‌లో ఒక ఆటల పత్రిక బంగారు బూటు ఇస్తుంది. పెద్ద దేశమా, చిన్న ద్వీపమా అని చూడదు. గోల్ అంటే గోలే. హంగరీలో ఒకడు తన ఆటలన్నీ ముగించుకుని అందరికంటే ముందు కూర్చున్నాడు. జెనోన్ ఇంకొక్కటి కొడితే అతనితో సమానం, ఇద్దరికీ చెరొక బూటు. కొట్టకపోతే ఏమీ లేదు, సోమవారం మళ్ళీ కరెంటు ఆఫీసు.

ఆట ముగియబోతుండగా జెనోన్ ఎడమవైపు నుంచి లోపలికి కోసుకొచ్చాడు. అతన్ని కాచుకోవాల్సింది పియెరిస్. ముప్ఫై నాలుగేళ్ళ మోకాళ్ళు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా గోడలకి ప్లాస్టరింగ్ చేసే ఒళ్ళు. ఒక్క అడుగు వెనకబడ్డాడు. జెనోన్ తన్నాడు. పియెరిస్ ఎడమకాలు చాపాడు. మోకాటి కింద ఎముక మీద బంతి టక్కుమని తగిలి, దారి మార్చుకుని, గోల్‌కీపర్ అటు దూకితే ఇటు నుంచి వలలో పడింది.

మైదానం దద్దరిల్లింది. కాలోవ్రిసి వాళ్ళు కంచె దాటి జెనోన్ మీద పడ్డారు. ఆ దుమ్ములో, ఆ కేకల్లో, పియెరిస్ కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. బళ్ళో జవాబు తెలిసిన పిల్లాడిలా, మోచెయ్యి వంగకుండా, నిటారుగా.

రెఫరీ ఆ చెయ్యి చూశాడు. బంతి పోయిన దారి ఆయనకి కనబడలేదు, మనుషులు అడ్డొచ్చారు. చెయ్యి మాత్రం కనబడింది. సెల్ఫ్ గోల్ అని రాసుకున్నాడు, అంటే అది జెనోన్ లెక్కలోకి రాదు. టీవీ వాళ్ళకున్న ఒక్క కెమెరా ఆ రోజు నికోసియాలో కప్పు తేలే ఆట దగ్గరుంది.

చెయ్యెత్తే ఈ అలవాటు పెత్రోవూని జట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. పెత్రోవూని ఊరు, యుద్ధం ఈ ద్వీపాన్ని రెండుగా చీల్చిన గీతకి అవతల ఉండిపోయింది. డెబ్భై నాలుగు ఎండాకాలంలో జనం రెండురోజుల్లో తిరిగొస్తాంలే అని పొయ్యి మీద గిన్నెలు వదిలేసి ఇటొచ్చారు. జట్టు వచ్చింది, మైదానం రాలేదు. అప్పటినుంచి ఎవరో ఒకరి మైదానం అడుక్కుని ఆడడమే. గుడారాల్లో ఉన్న రోజుల్లో మగాళ్ళు పొద్దస్తమానం ఒకటే తగువు. ముందు పారిపోదామన్నది నువ్వు, బస్సు ఆపనిది నువ్వు, ముసలమ్మని వదిలేద్దామన్నది నువ్వు. ఆ తగువు మైదానంలోకీ వచ్చింది. ఒక గోల్ పడితే చాలు, పదకొండు మందీ ఒకరి మీదికి ఒకరు వేలు చూపించుకునేవాళ్ళు. జట్టుని చూసుకునే వ్రహీమిస్ మాస్టారు, ఊళ్ళో బడిపంతులు, ఒకరోజు ఆట మధ్యలో లోపలికి నడిచి వచ్చాడు.

"వేలు చూపించడం చేతకాని వెధవ ఎవడూ లేడిక్కడ. ఇకమీదట తప్పు ఎవడిదో వాడు చెయ్యెత్తుతాడు. మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. ఇష్టం లేనివాడు జెర్సీ విప్పి నాకిచ్చేయొచ్చు," అన్నాడు.

ఎవరూ విప్పలేదు. పియెరిస్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఊరు పోయినందుకు చెయ్యెత్తినవాడు ఒక్కడూ లేడు. బహుశా అందుకే ఆ ఒక్క నియమం వాళ్ళని అంత గట్టిగా పట్టుకుంది. మాస్టారు పోయి చాలా కాలమైంది. కొత్త కుర్రాళ్ళు చెవి గోక్కుంటున్నట్టు సగం చెయ్యే ఎత్తేవారు. పియెరిస్ మాత్రం ఎప్పుడూ మొత్తం ఎత్తేవాడు.

సోమవారం సాయంత్రానికి ఊరంతా అదే మాట. జెనోన్ జట్టువాళ్ళు ఫిర్యాదు పెట్టారు. ఫెడరేషన్ కమిటీ వచ్చే వారం కాకుండా ఆ పై సోమవారం కూర్చుంటుంది. రెఫరీ తను చెయ్యి చూసే రాశానని ఒప్పుకున్నాడు, కాబట్టి ఆ చెయ్యి గలవాడు వచ్చి ఏం చెబితే అదే ఖాయం చేస్తారు.

తోఫిస్ కాఫీ కొట్టులో పియెరిస్‌కి కుర్చీ దొరకడం ఆలస్యం, చుట్టూ మూగారు.

"ఏమయ్యా మేస్త్రీ," అన్నాడు తోఫిస్ పంచదార లేని కాఫీ ముందు పెడుతూ. "పద్దెనిమిదేళ్ళు ఆడి ఒక్క గోల్ కొట్టలేదు. కొట్టిన ఒక్కటీ మన వలలోనే కొట్టావు."

"ఇప్పుడు అది కూడా లాక్కుపోతానని ఎవడో వచ్చాడు. ఇవ్వకురా పియెరిస్, నీకున్నది అదొక్కటే," అన్నాడు తావ్లీ పలక ముందున్న ఇంకొకడు, పాచికలు వదలకుండానే.

"అది కాదు, తాకిందా లేదా? అది చెప్పు," అన్నాడు మళ్ళీ వాడే.

"చెయ్యెత్తాను కదా."

"చెయ్యి సంగతి కాదురా, కాలి సంగతి అడుగుతున్నా."

పియెరిస్ కాఫీ మడ్డి దాకా తాగేశాడు. మడ్డి నోట్లోకి వచ్చాక గానీ తెలియలేదు.

"తాకలేదని చెప్పెయ్," అన్నాడు తోఫిస్, ఈసారి నవ్వకుండా. "వాడికి బూటొస్తుంది, నీకు సెల్ఫ్ గోల్ పోతుంది, ఈ ద్వీపం పేరు పారిస్ పేపర్లో పడుతుంది. నష్టపోయేవాడు ఒక్కడున్నాడా చెప్పు? ఆ హంగరీవాడికి కూడా వాడి బూటు వాడికుంటుంది."

అదే పియెరిస్‌కి నిద్ర పట్టకుండా చేసిన మాట. నష్టపోయేవాడు ఎవడని వెతికాడు. కనబడలేదు. కనబడితే బాగుండేది.

బుధవారం కాలోవ్రిసి క్లబ్బు అధ్యక్షుడు, లాయరు ఒనిసిఫోరోస్, సముద్రం ఒడ్డున కడుతున్న హోటలుకి వచ్చాడు. నాలుగో అంతస్తులో పియెరిస్ గోడకి ప్లాస్టరింగ్ పూస్తున్నాడు. లాయరు నల్లబూట్లు సిమెంటు అంటకుండా పలకల మీద నుంచి పలకల మీదికి వేస్తూ వచ్చి నిలబడ్డాడు.

"నేను నిన్ను అబద్ధం చెప్పమని అడగడానికి రాలేదు పియెరిస్. అది ముందే అనుకో."

"అనుకున్నానండి."

"చెయ్యెందుకెత్తావు? మీ జట్టు రివాజు నాకు తెలుసు, తప్పు చేసినవాడు ఎత్తుతాడు. నువ్వు జెనోన్‌ని వదిలేశావు. ఒక అడుగు వెనకబడ్డావు. అది తప్పు కాదూ?"

"తప్పేనండి. వెనకబడ్డాను."

"చూశావా. అది నిజం. ఆ నిజం చెప్పు చాలు. వదిలేసినందుకు ఎత్తాను అను. రెండో నిజం నిన్ను ఎవరూ అడగరు."

"అడిగితేనో?"

"అడక్కుండా నేను చూసుకుంటాను."

పియెరిస్ తాపీతో సిమెంటు తీసి గోడకి కొట్టాడు. తీశాడు, కొట్టాడు. లాయరు వెళ్ళిపోయిన తర్వాత చాలాసేపు అలా కొడుతూనే ఉన్నాడు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో పట్టుకోలేకపోయాడు. ఎటు తిప్పి చూసినా నిజంలాగే ఉంది. మర్నాడు కాంట్రాక్టరు ఆ గోడ దగ్గర నిలబడి, "ఇదేంటి మేస్త్రీ, గోడ పూయమంటే సముద్రంలా ఉందేం, అలలొచ్చాయి," అన్నాడు. నిజంగానే వచ్చాయి. ఆ గోడంతా చెక్కి మళ్ళీ పూశాడు.

ఇంట్లో అతను కూర్చున్నచోట కూర్చోవడం లేదు. తలుపు దగ్గరికి వెళతాడు, వస్తాడు. ఎడమకాలు చేత్తో తడుముకుంటాడు. భార్య ఫ్రోసు రెండురోజులు చూసి మూడోరోజు బంతి తెచ్చి పెరట్లో పెట్టింది.

"నిలబడు అక్కడ, నిమ్మచెట్టు ముందు. కాలు చాపు. నేను తంతాను."

"నువ్వా?"

"మరి జెనోన్‌ని పిలవనా? నిలబడు."

మొదటిసారి బంతి గోడకి పోయింది. రెండోసారి తులసిలాంటి వాసనమొక్క ఉన్న కుండీకి తగిలి కుండీ పగిలింది. ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"మెల్లిగా తన్నవే."

"మెల్లిగా తన్నేవాడికి బంగారు బూటెందుకిస్తారు?" అని గట్టిగా తన్నింది. ఈసారి సరిగ్గా ఎముక మీద.

"ఇది తగిలిందా?"

"తగిలింది."

"అదీ ఇలాగే ఉందా?"

"ఇలాగే. ఇంకా గట్టిగా."

"అయితే తగిలింది. తేలిపోయింది కదా, ఇంకెందుకు గింజుకుంటావు?"

పియెరిస్ కాలు రుద్దుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. "తగిలిందని నాకు తెలుసు ఫ్రోసూ. మర్చిపోవచ్చేమోనని చూస్తున్నా."

ఆమె కిందికి వంగింది. కుండీ పెంకులు ఏరింది.

శుక్రవారం సాయంత్రం గేటు దగ్గర కారు ఆగింది. జెనోన్ దిగాడు, వెనక అతని భార్య దెస్పో, ఆమె చంకలో ఎనిమిది నెలల బాబు. చేతిలో తీపి వాల్‌నట్ కాయల సీసా. ఫ్రోసు గబగబా కుర్చీలు తుడిచింది. నీళ్ళు తెచ్చింది, కాఫీ పెట్టింది, వాళ్ళు తెచ్చిన సీసాలోంచే తలొక కాయ చెంచాతో చిన్న పళ్ళేల్లో పెట్టింది. వాతావరణం గురించి మాట్లాడారు. వాతావరణం తొందరగా అయిపోయింది.

జెనోన్ చెవులు ఎర్రబడ్డాయి. "మేస్త్రీ, మేము ఒకటి అడగడానికి వచ్చాం. బాబుకి ఇంకా బాప్తిస్మం కాలేదు. నువ్వు జ్ఞానతండ్రివి కావాలి. ఫ్రోసు అక్క జ్ఞానతల్లి."

వంటింట్లో ఏదో చెంచా కింద పడింది.

ఇలాంటిది అడిగితే కాదనడం అక్కడ లేదు. బిడ్డని దేవుడి దగ్గరికి ఎత్తుకెళ్ళమంటే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు మనిషి కాదు. ఒప్పుకుంటే బిడ్డ తండ్రికి కుంబారో అవుతాడు. అన్నదమ్ములైనా కోర్టుకెక్కవచ్చు, కుంబారోలు ఎక్కకూడదు. కుంబారో మీద సాక్ష్యం చెప్పినవాడి ఇంట్లో కాఫీ కూడా తాగరు. ఇదంతా పియెరిస్‌కి తెలుసు, జెనోన్‌కి తెలుసు, నేల చూస్తున్న దెస్పోకీ తెలుసు.

పెళ్ళయి పదిహేనేళ్ళయినా పియెరిస్‌కీ ఫ్రోసుకీ పిల్లల్లేరని కూడా అందరికీ తెలుసు. ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో తోడుపెళ్ళికూతురిగా వెళ్ళిన ఫ్రోసుని బిడ్డని ఎత్తుకోమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఒక్క మాట అడుగుతాను జెనోన్," అన్నాడు పియెరిస్. "ఆ కమిటీ లేకపోతే వచ్చేవాడివా?"

"దానికీ దీనికీ..." అన్నాడు జెనోన్, చేతిలో కప్పు తిప్పుతూ.

ఈలోగా ఫ్రోసు వంటింట్లోంచి వచ్చి దెస్పో పక్కన కూర్చుంది. బాబు ఆమె చెవికమ్మ పట్టుకుని లాగాడు. ఆమె విడిపించుకోలేదు. తల అటే వంచి, అలాగే ఉండి, "ఎప్పుడనుకుంటున్నారు?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం," అంది దెస్పో. కమిటీకి ముందు రోజు.

గేటు దాకా సాగనంపుతూ పియెరిస్ అన్నాడు: "బిడ్డని ఎత్తుకుంటాను. సంతోషంగా ఎత్తుకుంటాను. మిగతాది నాకింకా తెలీదురా."

"నీకు తెలుసులే మేస్త్రీ," అన్నాడు జెనోన్ కారు తలుపు తీస్తూ. ఆ మాట నమ్మకంతో అన్నాడో భయంతో అన్నాడో పియెరిస్‌కి అర్థం కాలేదు.

ఆ తర్వాతి రోజులు ఇంట్లో రెండు రకాలుగా గడిచాయి. ఫ్రోసు కుట్టింది, కొంది, ఇస్త్రీ చేసింది. తెల్ల తువ్వాలు, చిన్న వెండి సిలువ, నూనె సీసా, సబ్బు. ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఒక మనిషి పని చేస్తూ పాడడం వినబడింది. పియెరిస్ ఆ పాట వింటూ వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాడు. నిజం చెబితే ఆ పాట ఆగిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నష్టపోయేవాడు ఒక్కడూ లేడు. మళ్ళీ అదే మాట.

"నువ్వేం అనుకుంటున్నావే?" అని ఒకరోజు అడిగాడు.

"నన్నడక్కు," అంది ఫ్రోసు, సూదిలో దారం ఎక్కిస్తూ. "నన్నడిగితే నాకు బిడ్డ కావాలంటాను. అందుకే అడక్కు."

బాప్తిస్మం కాలోవ్రిసి చర్చిలో జరిగింది. జనం కిక్కిరిసిపోయారు. అందరికీ తెలుసు అది ఏ బాప్తిస్మమో. ఒనిసిఫోరోస్ ముందు వరసలో నిలబడ్డాడు, ముఖం తీరిగ్గా ఉంది.

ఫాదర్ పియెరిస్‌ని బిడ్డతో సహా తలుపు వైపు, పడమటికి తిప్పాడు. "సైతానునీ వాడి పనులన్నిటినీ వదులుకుంటున్నావా?" అని మాట రాని బిడ్డని అడిగాడు. బిడ్డ తరఫున జ్ఞానతండ్రి చెప్పాలి.

"వదులుకుంటున్నాను," అన్నాడు పియెరిస్. ఎన్నో బాప్తిస్మాల్లో విన్న మాటే. తన నోటితో అనడం ఇదే మొదలు. రెండోసారి అడిగితే రెండోసారి అన్నాడు. మూడోసారి దగ్గి, అన్నాడు. ఫాదర్ చెప్పినట్టు పడమటి వైపు ఊదాడు. ఊదిన గాలికి ఎవరిదో కొవ్వొత్తి రెపరెపలాడింది.

నూనె పూసిన బిడ్డ చేపపిల్లలా జారుతున్నాడు. మూడు మునకలు వేయించి ఫాదర్ అందిస్తే, పియెరిస్ తెల్ల తువ్వాల్లో రెండు చేతులతో పట్టుకున్నాడు. సిమెంటు బస్తాలు మోసిన చేతులు. మిహాలిస్ అని పేరు పెట్టారు. చివర్లో రివాజు ప్రకారం దెస్పో వచ్చి మూడుసార్లు వంగి, జ్ఞానతండ్రి చేతిని ముద్దుపెట్టుకుని బిడ్డని తీసుకుంది. ముద్దుపెట్టుకున్నది ఆ కుడిచెయ్యే. ఆమె కళ్ళెత్తి అతన్ని చూసింది. బతిమాలుతున్నట్టు లేదు. క్షమించమంటున్నట్టుంది.

విందులో పియెరిస్ తినలేదు. జెనోన్ అతని గ్లాసు నింపుతూ, "తాగు కుంబారే," అన్నాడు. మొదటిసారి ఆ పిలుపు. ఎంత తీయగా ఉందో అంత బరువుగా ఉంది.

సోమవారం నికోసియాలో చిన్న గది, పెద్ద బల్ల, ముగ్గురు మనుషులు. ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు. రెఫరీ తను చూసింది చెప్పాడు. జెనోన్ తను తన్నానని, గోలయిందని, అంతే చెప్పాడు. ఒనిసిఫోరోస్ లేచి పెత్రోవూని జట్టు రివాజు గురించి చక్కగా మాట్లాడాడు. వ్రహీమిస్ మాస్టారి పేరు కూడా ఎత్తాడు. పియెరిస్‌కి ఒళ్ళు మండింది.

"పియెరిస్," అన్నాడు బల్ల వెనక పెద్దాయన, "ఆటలో నువ్వు చెయ్యెత్తింది జెనోన్‌ని వదిలేసినందుకా?"

లాయరు సిద్ధం చేసిపెట్టిన ప్రశ్న. అవును అంటే అయిపోయేది. బయట బస్సుంది, ఇంట్లో ఫ్రోసుంది, కాలోవ్రిసిలో తువ్వాల్లో చుట్టిన బిడ్డున్నాడు.

"అందుకూ ఎత్తాను," అన్నాడు పియెరిస్. "బంతి నా కాలికి తగిలినందుకూ ఎత్తాను. ఎడమకాలు, మోకాటి కింద. తగలకపోతే అది బయటికి పోయేది."

ఒనిసిఫోరోస్ కుర్చీ చప్పుడైంది. పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

"నువ్వు నిన్ననే వీళ్ళ బాబుకి జ్ఞానతండ్రివి అయ్యావని విన్నాను. ఈ మాటతో నీ కుంబారోకి ఏం పోతుందో తెలుసా?"

"తెలుసండి. నిన్ననే ఆ బిడ్డని ఎత్తుకుని సైతానుని వద్దని మూడుసార్లు అన్నాను. ఒక్క రోజైనా గడవనివ్వండి."

ఒకాయన నవ్వబోయి దగ్గాడు. జెనోన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర పియెరిస్ అందుకుని, "కుంబారే," అన్నాడు. జెనోన్ వెనక్కి తిరగలేదు. కింద కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

బంగారు బూటు హంగరీ పోయింది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని పియెరిస్ అనుకున్నాడు. కాలేదు. నడక ఆగలేదు. కాఫీ కొట్టులో, "నీ గోల్ నీకే మిగిలింది మేస్త్రీ, ఫ్రేము కట్టించుకో," అంటే నవ్వాడు, ఇంటికొచ్చి మళ్ళీ వసారాలో తిరిగాడు. ఆ సీజనుతో ఆట మానేశాడు. ఫ్రోసు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. నవంబరులో మిహాలిస్ పేరుగల దేవదూత పండగకి ఆమె కేకు చేసి పంపింది. కడిగిన పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది. ఖాళీ పళ్ళెం చేత్తో పట్టుకుని ఆమె చాలాసేపు గుమ్మంలో నిలబడింది. క్రిస్మస్‌కి మళ్ళీ పంపింది. ఈసారి పళ్ళెంలో, మడిచిన కాగితంలో, గుప్పెడు బాదంపప్పులు వచ్చాయి. దెస్పో పని అది.

"ఈస్టర్‌కి మనం వెళ్ళాలి," అంది ఫ్రోసు ఆ కాగితం విప్పుతూ. "కొవ్వొత్తి, బూట్లు. జ్ఞానతండ్రి ఇవ్వాలి. తలుపు తీయకపోతే గుమ్మంలో పెట్టి వద్దాం."

బూట్ల కొట్టులో పియెరిస్ చెమటలు పట్టి నిలబడ్డాడు. బాబుకి ఎంత కాలు? చూసి పదకొండు నెలలైంది. కొట్టువాడు ఒక జత చూపించాడు, చిన్నదనిపించింది. ఇంకొకటి, అదీ చిన్నదే. చివరికి తన అరచెయ్యంత ఉన్నవి తీసుకున్నాడు.

"కొలత తెలియకుండా గోడ కూడా కట్టవు కదా నువ్వు," అంది ఫ్రోసు.

"పెరుగుతాడులే."

ఈస్టర్ మధ్యాహ్నం కాలోవ్రిసిలో ప్రతి పెరట్లోంచీ మాంసం పొగ లేస్తోంది. తలుపు దెస్పో తీసింది. ఫ్రోసుని లోపలికి లాక్కుని కావిలించుకుంది. పెరట్లో జెనోన్ నిప్పుల ముందు కూర్చుని ఊచ తిప్పుతున్నాడు. "క్రీస్తు లేచాడు," అన్నాడు పియెరిస్. "నిజంగా లేచాడు," అన్నాడు జెనోన్, ఆ జవాబు ఇవ్వకుండా ఉండకూడదు కాబట్టి. వెనక్కి తిరగలేదు.

మిహాలిస్ నడుస్తున్నాడు. తాగినవాడిలా, రెండు చేతులూ పక్కలకి చాపి. ఫ్రోసు వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొత్త బూట్లు తొడిగింది. వాడు కాళ్ళు చూసుకున్నాడు. దిగాడు. మాంసం వాసన వైపు రెండడుగులు వేశాడు, మూడో అడుగుకి బూటు మడతపడి బొక్కబోర్లా పడ్డాడు. అంతే, ఇల్లెగిరిపోయే ఏడుపు.

"అయ్యో నా తండ్రీ. ఎవరయ్యా ఇంతేసి బూట్లు తెచ్చింది?" అంది జెనోన్ తల్లి గుమ్మంలోంచి.

పియెరిస్ చెయ్యి దానంతటది లేచింది. మోచెయ్యి వంగకుండా, నిటారుగా.

పెరట్లో ఎవరూ కదల్లేదు. జెనోన్ తల తిప్పి చూశాడు. ఆ చెయ్యి, ఆ మనిషి, వాళ్ళిద్దరి మధ్య ఏడుస్తున్న తన కొడుకు, వాడి కాళ్ళకి పడవల్లాంటి బూట్లు. అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ముందు ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. తర్వాత నవ్వు బయటికొచ్చింది, ఆపుకోలేని నవ్వు, పొగ మింగి దగ్గుతూ నవ్వాడు.

"దించు కుంబారే, దించు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "దించి ఇలా వచ్చి ఈ రెండో ఊచ పట్టుకో. మాడిపోతోంది."

పియెరిస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కొవ్వు నిప్పుల మీద పడి చిటపటలాడుతోంది. ఇద్దరూ కాసేపు తిప్పారు.

"లోపలికే వెళ్ళేది అది," అన్నాడు జెనోన్ నిప్పుల్లోకి చూస్తూ. "పోస్టుకి తగిలి లోపలికే."

"బయటికి."

"లోపలికి. నేను తన్నినవాణ్ణి, నాకు తెలీదా?"

"నేను తగిలించుకున్నవాణ్ణి. చేతెడు బయటికి."

"తిప్పు, తిప్పు, మాట్లాడుతూ ఆపేశావు."

వాళ్ళ వెనక ఫ్రోసు నేల మీద చతికిలబడి, ఏడుపాపిన మిహాలిస్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దెస్పో తెచ్చిన దూది తీసి బూట్ల ముందువైపు కుక్కుతోంది.